రెండో గేరులో మోహన

ప్రియమైన డ్రైవరు గారికి,

ఇక్కడి ఆసుపత్రిలో నాకు వినికిడి యంత్రం పెట్టారు. చెవి వెనక ఒకటి తగిలించుకోవాలి, దాని వైరు చివర ఉన్న బిళ్ళ తల మీద అతుక్కుంటుంది. నిన్ననే దాన్ని పనిచేయించారు. ఫోన్ చేసి చెబుదామంటే ఫోనులో గొంతులు ఇంకా నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టే ఉన్నాయి. అందుకే ఉత్తరం.

ఇక్కడ వినడం నేర్పే అమ్మాయి ఒకామె ఉంది. నేను చెవుల టీచరమ్మ అంటున్నాను. ఎదురుగా కూర్చుని, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని, "నా మాట ఎలా ఉంది?" అని అడిగింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది అన్నాను. నవ్వింది. ఆ నవ్వూ గులకరాళ్ళే. కానీ ఆమె అడిగింది నాకు అర్థమైంది చూశారా? ఆ పాడు జ్వరంలో చెవులు పోయినప్పటి నుంచి, పెదాలు చూడకుండా ఒక మాట అర్థం కావడం ఇదే మొదలు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

మాటలు ముందు ముందు బాగా తెలుస్తాయట. సంగీతం గురించి అడిగితే పెద్ద డాక్టరు పెదవి విరిచాడు. టీచరమ్మ మాత్రం ఒక దారి చెప్పింది. ఎవరైనా ముందు ఒక పాట విని, అందులో ఏముందో ఉత్తరం రాసి పంపాలట. నేనది చదివాక పాట వినాలట. ఏం రాబోతోందో తెలిస్తే బుర్ర దాన్ని వెతుక్కుంటుందట. "మీ ఇంట్లో సంగీతం తెలిసినవాళ్ళు ఎవరున్నారు?" అంది. నేనే అన్నాను. "ఇంకెవరూ లేరా?" అంది. మా ఆయన ఉన్నాడు, నా ప్రతి కచేరీకీ వచ్చి చివరి వరుసలో హాయిగా నిద్రపోయేవాడు అన్నాను. "అయితే ఆయన్నే రాయమనండి" అంది.

నా గదిలో బీరువా నిండా రికార్డింగులున్నాయి. ఏదో ఒకటి తీసి, మెలకువగా ఉండి విని, మీకు తోచింది రాసి, ఆ రికార్డింగుతో పాటు పంపండి. పండితుడిలా రాయబోయి అభాసుపాలు కాకండి.

మీ
పంతులమ్మ

*

ప్రియమైన పంతులమ్మకు,

కాగితం అడ్డం పెట్టినా అర్థమైందన్న వాక్యం దగ్గర నేనూ కాసేపు ఆగాను. డ్రైవింగ్ స్కూలు ఆఫీసులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఇక పాట సంగతి. ఇంట్లో కూర్చుని వింటే నిద్రొస్తోంది, నీ దగ్గర దాపరికం ఎందుకు. అందుకని కారులో పెట్టాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతిలో స్టీరింగ్ ఉంటే ఎవడికి నిద్రపడుతుంది? ప్రాణం మీద తీపి ఉంటుంది కదా.

ఇప్పుడు నా దగ్గర ఒక లెక్కల టీచరమ్మ నేర్చుకుంటున్నారు. బళ్ళో పని మానేశాక, ఎక్కడికి వెళ్ళాలన్నా కొడుకుని బతిమాలడం నచ్చక వచ్చి చేరారు. చీమ అడ్డొచ్చినా బ్రేకు తొక్కేస్తారు. నా నుదురు అద్దానికి తగలని రోజు లేదు. నిన్న వీణ రికార్డింగు పెట్టాను, అట్ట మీద బట్టతల పెద్దాయన బొమ్మ ఉంటుందే, అది. వినగా నాకు తోచింది ఇది. ఆయన మొదట ఎక్కడికీ వెళ్ళడు. బండి స్టార్ట్ చేసి ఇంజను వేడెక్కేదాకా వాకిట్లోనే ఉంచినట్టు, ఒక్క తీగ మీటి ఊరుకుంటాడు. ఆ మోత సన్నబడి పోయేదాకా మనమూ దాని వెంట వెళతాం. అప్పుడు దాని పక్కది మీటుతాడు. ఇరుకు సందులో కారు వెనక్కి తిప్పుతున్నట్టు ఒకే చోట అటూ ఇటూ తిప్పి, ఎలా వచ్చాడో తెలియకుండా పెద్ద రోడ్డు మీదికి వచ్చేస్తాడు. అక్కడి నుంచి గేర్లు మారుస్తూ పోవడమే.

లెక్కలావిడ ఆ వీధి చివరిదాకా బ్రేకు తొక్కలేదు. అది వీణ మహిమో, నా నుదుటి అదృష్టమో.

నీ
డ్రైవరు

*

ప్రియమైన డ్రైవరు గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. అంత బాగా రాస్తారని నాకు తెలియదు. తర్వాత రికార్డింగు పెట్టుకున్నాను.

గచ్చు మీద మేకులు కుమ్మరించినట్టుంది. అంతే. పెద్ద తీగో చిన్న తీగో, పైకి వెళుతున్నాడో కిందికి దిగుతున్నాడో ఏమీ తెలియలేదు. నా చేత్తో నేను ఎన్నోసార్లు పెట్టుకుని విన్న వీణ అది. ఎక్కడ ఏ గమకం వస్తుందో నాకు నోటికి తెలుసు. అవేవీ అందులో లేవు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఆ సామెతలో మనిషిని నేనే.

చెవి పూర్తిగా మూసుకుపోయినప్పుడే నయం. అప్పుడు నా బుర్రలో వీణ వీణలా ఉండేది. ఇప్పుడు అదీ పాడవుతుందేమోనని భయమేస్తోంది. మాటలు తెలిస్తే చాలండి. కూరలవాడితో బేరమాడగలిగితే చాలు.

నా గది ఖాళీ చేసి మీ డ్రైవింగ్ స్కూలు ఆఫీసు పెట్టుకోండి. తంబూరా నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఎవరికైనా ఇచ్చేయండి. ఇంక రికార్డింగులు పంపకండి.

మీ
పంతులమ్మ

*

ప్రియమైన పంతులమ్మకు,

పంపకు అన్నావు. పంపుతున్నాను. కాపురం పెట్టిన నాటి నుంచీ నా మాట నువ్వు విన్నావా, ఇప్పుడు నీ మాట నేను వినడానికి?

ఇది వట్టి మృదంగం. పాట లేదు, వీణ లేదు, ఎక్కే దిగే గొడవ లేదు. ఎవరో చిన్నవాడు వాయించాడు, వేళ్ళకు ఎముకలున్నట్టు లేదు. మొదట నడిచి వస్తాడు. తర్వాత పరిగెడతాడు. మధ్యలో తప్పిపోయినట్టు నటిస్తాడు, అప్పుడు మనకు కంగారు పుడుతుంది. లెక్కలావిడ వేళ్ళతో స్టీరింగు మీద లెక్కేస్తూ, "ఉండండి, ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు" అన్నారు. సరిగ్గా ఆవిడ చెప్పిన చోటే వచ్చి పడ్డాడు. ఆవిడ గెలిచినట్టు హారను కొట్టారు. ముందు వెళుతున్న సైకిలాయన దిగి నిలబడి మమ్మల్ని తిట్టాడు.

నీకు వినబడకపోయినా ఫరవాలేదు. చెయ్యి స్పీకరు మీద పెట్టి చూడు.

నీ
డ్రైవరు

*

ప్రియమైన పంతులమ్మకు,

జవాబు లేదు. టీచరమ్మకు ఫోన్ చేశాను. నువ్వు యంత్రం తీసి సొరుగులో పెట్టేశావనీ, తరగతికి రావడం లేదనీ చెప్పింది. సరే. అలసిపోయినవాళ్ళు బండి పక్కకి ఆపుకోవాలి, నేనూ అదే నేర్పుతాను. ఆపిన బండిని అమ్మేయమని మాత్రం నేర్పను.

నీ గది అలాగే ఉంది. నేను రోజూ సాయంత్రం అందులోనే కూర్చుంటున్నాను, ఎందుకంటే నీ బీరువా అక్కడుంది. నిజం చెబుతున్నాను, ఇప్పుడు నీ కోసమే వింటున్నానని కూడా చెప్పలేను. నాకు వినాలనిపిస్తోంది. నిన్న ఒకావిడ గాత్రం విన్నాను. ముసలి గొంతు, కొంచెం బొంగురు. తొందరేమీ లేదావిడకి. మన ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని కూర్చుని కబుర్లు చెప్పినట్టు పాడింది. రాగం పేరు అట్ట మీద ఉంది, రాయను. ఎక్కడా ముళ్ళు లేని రాగం అని మాత్రం రాస్తాను.

అయిపోయాక మళ్ళీ పెట్టాను. మళ్ళీ పెట్టానంటే నువ్వు నమ్మవు.

నీ
డ్రైవరు

*

ప్రియమైన మీకు,

ఏం చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

సైకిలాయన తిట్టాడని చదివి నవ్వొచ్చింది. నవ్వినందుకైనా మృదంగం వినాలనిపించి యంత్రం పెట్టుకున్నాను. స్పీకరు మీద చెయ్యి పెట్టాను. నడక, పరుగు, ఆ తప్పిపోవడం, అన్నీ ఉన్నాయి. అక్షరం పొల్లుపోలేదు. నా చెయ్యి తనంతట తనే తొడ మీద తాళం వేస్తోంది. మీ లెక్కలావిడ హారను కొట్టిన చోట నేను మంచం మీద చరిచాను. పక్క మంచం ఆవిడ లేచి కూర్చుంది.

ఆ రోజు నుంచి వట్టి మృదంగమే విన్నాను. మళ్ళీ తరగతికి వెళ్ళాను. టీచరమ్మ పియానో మీద రెండు మెట్లు నొక్కి, ఏది పైది ఏది కిందిది అని అడిగేది. ఎప్పుడూ తప్పే. దూరంగా ఉన్న మెట్లు ముందు తెలిశాయి. తర్వాత తర్వాత దగ్గరవీ. పిల్లలకు సరిగమలు నేర్పిన నోటితో, "ఇది పైదా అమ్మా?" అని అడుక్కున్నాను. సిగ్గుపడలేదు.

అప్పుడు మీ ముసలావిడని తీశాను. మీ ఉత్తరం మాత్రం కావాలనే మళ్ళీ చదవలేదు, అట్ట కూడా చూడలేదు. మొదట గులకరాళ్ళే. పోనీలే అని ఊరుకుని, కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ పాడుతోంది. కాసేపటికి గులకరాళ్ళకి ఒక వరుస వచ్చింది. ఒకటి పైన, దాని మీద ఇంకొకటి, మధ్యలో ఒక మెట్టు వదిలేసి ఇంకా పైన. సరిగ తర్వాత మ వదిలేసి ప మీదికి వెళ్ళే రాగం నాకు తెలుసు. "మోహన" అని పైకే అన్నాను. అట్ట తిప్పి చూశాను. మోహన.

ఏమండీ, నాకు మోహన తెలిసింది. ఎవరూ చెప్పలేదు.

గొంతు ఎలా ఉందో అంటారా, బొంగురో కాదో నాకు తెలియదు. అందం ఇంకా రాలేదు. కానీ దారి కనిపించింది, అందం నడిచి వస్తుంది. ఆ గది జోలికి ఎవరూ వెళ్ళకండి. ఈ ఆదివారం మీరొచ్చేటప్పుడు తంబూరా తీసుకురండి. కారు వెనక సీట్లో పడుకోబెట్టి, గుంతలు చూసుకుని తీసుకురండి.

మీ
పంతులమ్మ

*

ప్రియమైన మీకు,

మీరు తంబూరా ఇచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి దాన్ని ఛాతీకి ఆనించుకుని కూర్చుంటున్నాను. చెవికి అందనిది ఎముకకి అందుతోంది.

దీనితో ఒక రికార్డింగు పంపుతున్నాను. ఇందులో ఏముందో రాయను. ఈసారి మీరు ఏమీ చదవకుండా వినాలి. విని, ఎప్పటిలాగే మీకు తోచింది రాయండి. మొహమాటం వద్దు.

మీ
పంతులమ్మ

*

ప్రియమైన పంతులమ్మకు,

లెక్కలావిడతో పెద్ద రోడ్డు మీద ఉండగా పెట్టాను. నాకు తోచింది రాయమన్నావు కాబట్టి వరసగా రాస్తాను.

మొదట కుర్చీలు జరిపిన చప్పుడు. చాలామంది ఉన్నారు. నీ టీచరమ్మ గొంతు, ఇవాళ కొత్తగా యంత్రం పెట్టించుకున్నవాళ్ళూ వాళ్ళ ఇళ్ళవాళ్ళూ వచ్చారని చెప్పింది. ఒక మగగొంతు, కార్యక్రమం త్వరగా కానివ్వండి, ఇంకా రోగులున్నారు అంది. అది నీ పెద్ద డాక్టరు అనుకుంటాను. తర్వాత తంబూరా. ఆ తర్వాత ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరితోనే నాకు తెలిసిపోయింది. లెక్కలావిడతో, "మా ఆవిడ" అన్నాను. ఆవిడ వెంటనే ఇండికేటరు వేసి, అద్దంలో వెనక చూసుకుని, బండి నెమ్మదిగా పక్కకి తెచ్చి ఆపారు. ఇంత చక్కగా ఆపడం ఆవిడకి ఇదే మొదలు.

మోహన. నాకు తెలుసు ఇప్పుడు. పల్లవి జాగ్రత్తగా పాడావు, రెండో గేరులో, రోడ్డు కొత్తగా ఉన్నట్టు. గొంతు మునుపటంత నున్నగా లేదు. నాకు ఇదే బాగుంది. రెండోసారి అదే పల్లవి వచ్చేసరికి భయం పోయింది, విస్తరించుకుంటూ వెళ్ళావు. ఎవరిదో దగ్గు వినిపించింది, సగంలో ఆపుకున్నారు.

మొహమాటం వద్దన్నావు. చరణంలో పైకి వెళ్ళినప్పుడు ఒక చోట స్వరం కిందికి జారింది. నాకే తెలిసిందంటే అందరికీ తెలిసే ఉంటుంది. నా గుండె ఆగింది. నువ్వూ ఆగావు. తంబూరా ఒక్కటే మోగుతోంది. తర్వాత నువ్వు కింది నుంచి మళ్ళీ బయలుదేరి, అదే చోటికి వెళ్ళి, ఆ స్వరాన్ని పట్టుకుని నిలబెట్టావు. నిలబెట్టి, ఇంకా పైకి వెళ్ళావు.

పాట అయిపోయింది. చప్పట్లకు ముందే ఆ డాక్టరు గొంతు దగ్గరగా వచ్చింది. త్వరగా కానివ్వమన్న గొంతు కాదది. "అమ్మా, అక్కడ జారిందని మీకెవరు సైగ చేశారు?" అని అడిగాడు.

"ఎవరూ చెయ్యలేదండీ, వినిపించింది" అన్నావు.

అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. టీచరమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. వెనక నుంచి ఎవరో, యంత్రం పెట్టించుకున్నవాళ్ళు గట్టిగా మాట్లాడతారే అలా, "నాకూ తాళం తెలిసింది, నాకూ తెలిసింది" అంటున్నారు.

లెక్కలావిడ ఇంజను ఆపేశారు. తర్వాత, "మళ్ళీ పెట్టండి, మాస్టారూ" అన్నారు. పెట్టాను. ఆవిడ పాఠం సమయం అయిపోయింది, తర్వాత పాఠంవాళ్ళు వచ్చి ఆఫీసు ముందు నిలబడి ఉంటారని తెలుసు, అయినా మళ్ళీ పెట్టాను.

ఈ వారం నీకు వేరే రికార్డింగు పంపడం లేదు. కారులోని పాటల పెట్టెలోంచి దీన్ని తీయబుద్ధి కావడం లేదు.

నీ పాట వింటూ మెలకువగా ఉన్న,
నీ డ్రైవరు