పరీక్ష పేజీలో లేని అక్షరం

లాల్‌పేట్, చంద్రపూర్.

చిరంజీవి నితిన్‌కు వదిన ప్రణాలి దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. వరోరాలో నువ్వూ, మొగిలి మామ ఇంటివాళ్లూ బాగున్నారని తలుస్తాను.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం. చేతిరాత చూడగానే మీ అమ్మదని గుర్తుపట్టే ఉంటావు. నా బొటనవేలు తెగింది, అందుకే నేను చెబుతుంటే అత్తమ్మతో రాయిస్తున్నాను.

మోకాలి నొప్పి ఎలా ఉందని నీ ఉత్తరంలో అత్తమ్మను అడిగావు. తగ్గింది, కానీ మెట్లెక్కొద్దంటే వినదు. ఎండలకు గోడలు కూడా పొయ్యిలా కాలుతున్నాయి. మన ఇంటి ల్యాప్‌టాప్ బాగైందా అని కూడా అడిగావు. బాగైంది. నేను చెప్పాల్సింది దాని గురించే.

సిమెంటు కంపెనీ ఉద్యోగానికి నువ్వు ఆన్‌లైన్ పరీక్ష రాస్తుండగా స్క్రీన్ బిగుసుకుపోయింది, ఫ్యాను మోటారులా మోగింది. ఏమైందని మీ అన్న అడిగితే, "ఎప్పుడు జూసినా ఆటలే ఆడుతుండు, వైరస్ గిట్ల పట్టినట్టుంది" అన్నాను. నువ్వు ఆడటం నేనెన్నడూ చూడలేదు. మీ అన్న నిన్ను అనరాని మాటలన్నాడు. "నేను ఆడలే వదినా" అని ఒక్క మాట అని, బ్యాగు సర్దుకుని వెళ్లిపోయావు.

నువ్వు వెళ్లాక కూడా ఫ్యాను మోగుతూనే ఉంది. బ్రౌజర్‌లో ఏది ఎంత పని లాగుతోందో చూపే పట్టిక తెరిచాను. అన్నిటికంటే పైన, బ్రౌజర్‌కు తగిలించుకునే రెండు ఎక్స్‌టెన్షన్లు, రెండూ నేను పెట్టుకున్నవే. ఒకటి తెలుగు అక్షరాలను మరాఠీ అక్షరాలుగా మారుస్తుంది, ఇంకోటి పైకి చదివి వినిపిస్తుంది. వాటిని దింపుకునే పేజీ కింద వాడినవాళ్లు ఇదే గోడు రాసుకున్నారు. రెండూ అక్షరాలు గుర్తుపట్టే ఒకే కోడ్‌ను విడివిడిగా ప్రతి పేజీలోకీ తెచ్చుకుని, తెలుగు ఎక్కడుందా అని మానకుండా వెతుకుతాయట. ప్రాసెసర్ అంతా వాటికే సరిపోతుంది. నీ పరీక్ష పేజీలో ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. అయినా వెతికాయి. వాటిని తీసేయగానే ఫ్యాను నోరు మూసుకుంది.

అవి నాకెందుకో చెప్పాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. పెళ్లిచూపుల్లో "తెలుగు చదువొస్తదా బిడ్డా" అని అత్తమ్మ అడిగితే తలూపాను. మా ఊరు కోఠారిలో మరాఠీ బడిలో చదివినదాన్ని, నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు. శుక్రవారం పూజలో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని నేను వ్రతకథ చదువుతుంటే, కోడలంటే ఇట్లుండాలని పక్కింటి సారక్క మురిసిపోయేది. నేను చదివింది మరాఠీ అక్షరాలు. మీ అన్న ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే నా గుట్టు బయటపడుతుందని, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ముందే నీ పేరు చెప్పాను. నా పరువు కోసం నీ పరువు తీశాను, నితిన్.

ఇక్కడ అత్తమ్మ కలం ఆపింది. నా వేలి కట్టు వైపు చూసింది. విప్పి చూపించాను, వేలికి ఏమీ కాలేదు.

"గిది గూడ రాయాల్నా?" అంది.

"రాయాలె అత్తమ్మా" అన్నాను.

రాసింది. చెప్పి ఉంటే నేర్పకపోదునా అని కూడా అంది. ఆ మాట రాయనంటే బతిమాలి రాయించాను.

మీ అన్న డ్యూటీ నుంచి రాగానే, కవరు అంటించకముందే, అత్తమ్మ ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపిస్తుంది. నేను ఎదురుగా నిలబడతాను. ఈ శుక్రవారం కథ అత్తమ్మే చదువుతుంది. ఎందుకని సారక్క అడిగితే నేనే చెప్పాలి. మళ్లీ పరీక్ష పెడతారని రాశావు కదా, ఇంటికి వచ్చి రాయి. రానంటే నీ తప్పేమీ లేదు.

'ఇట్లు' కింద ఉన్న రెండు మాటలు అత్తమ్మ వేరే కాగితం మీద రాసి ఇస్తే, చూసి నేనే రాశాను. వంకరగా ఉంటే నవ్వు, పర్వాలేదు.

ఇట్లు,
మీ వదిన