కొత్త కుండలోనూ నల్లపొర

మే 1968, శుక్రవారం రాత్రి

నిద్ర రాటం లేదు. కొత్త కుండ కూడా నల్లబడింది.

ఎండాకాలమంతా నీరెండిన గెడ్డ ఇసకలో చెలమ తవ్వి, మొదట ఊరిన నీళ్ళు తోడి పారబోసి, ఆ తరవాత వచ్చిన తేటనీళ్ళే తెస్తన్నాను. చెలమలో అద్దంలా ఉంటాయి. ఇంటికి తెచ్చి పూట గడిస్తే చాలు, కుండలో నల్లపొర కడతన్నాది. "కుండ తోమడం సేతకాదేటే నీకు?" అని అత్త నెల్లాళ్ళుగా నన్నే తిడతన్నాది. ఆ కోపంతోటే ఇవేళ సంతలో కొత్త కుండ కొని, కడిగి, నీళ్ళు పోసేను. సాయంత్రానికి అదే నలుపు. అత్త వేలితో గీకి చూసింది. నల్లబడ్డ వేలు కోకకి తుడుచుకుని లోపలికెళ్ళిపోయింది.

ఈయన మాంగనీసు గని నుంచి రాగానే కుండ చూపించేను. గనిలో తీసిన పనికిరాని మట్టిని బండిమీద తోలి గెడ్డ ఎగువన పోసేది ఈయనే.

"ఇసక వడగడతాది, భయం లేదన్నావు కదా మావా. ఇదేటి?"

కుండలోకి వొంగి చూసేడు.

"ఆ మట్టిలో మాంగనీసు గెడ్డ నీళ్ళలో కరిగొస్తన్నాదే, ఇసక ఆపలేదు; నిలవుంటే నల్లబడతాది. నాను పొయ్యనంటే రేపట్నుంచి పన్లోకి రావద్దంటారు."

గ్లాసు ముంచి గడగడా తాగేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోటం లేదు, నాకు తెలుస్తన్నాది.

మట్టిగుట్ట దాటి ఎగువన తవ్వుదామంటే అక్కడ గని కంచె.

పాప లేచి "అమ్మా, నీళ్ళు" అంటన్నాది. ఇంట్లో ఉన్నవి ఆ కుండలో నీళ్ళే.