యాభై మీటర్ల లోతున పందొమ్మిది డిగ్రీలు

నేను ముప్పై ఒక్క ఏళ్లు పరిశోధన ఓడలో సముద్రాన్ని కొలిచాను. ప్రతి వేసవిలో హైస్కూలు పిల్లల్ని అదే ఓడెక్కించి పాఠం చెప్పాను. ఇప్పుడు డెబ్భై మూడేళ్లు. మోకాళ్లు మాట వినడం లేదు గానీ బుద్ధి స్థిమితంగానే ఉంది. ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా తదనంతరం అమలు కావలసిన ఏర్పాట్లను ఇందుమూలంగా రాస్తున్నాను.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు సర్వహక్కులతో మా చెల్లెలికి చెందాలి. సముద్రం ఉప్పగా ఉంటుందని తేల్చడానికి ఇంత చదువా అని ప్రతి పెళ్లిలోనూ నలుగురి ముందు నవ్విన మరిదిగారికి నా బైనాక్యులర్స్. పక్కింటి సంగతులు ఇక మరింత బాగా కనపడతాయి.

2. ఓడ వంటాయనకు నా ఊలు శాలువా. మొదటి తుఫానులో నేను వాంతులతో పడి ఉంటే గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగతి ఈనాటి వరకూ ఎవరికీ చెప్పలేదు.

3. ఇరవై రెండేళ్ల నాటి ఓడ రికార్డు పుస్తకం, ఇప్పుడు బస్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థినికి చెందాలి. మా ఓడలో పిల్లలు పెన్సిల్‌తో రాస్తే పెద్దలు సిరాతో ఖాయం చేసేవాళ్లం. ఆ రోజు ఆ పిల్ల యాభై మీటర్ల లోతున పందొమ్మిది డిగ్రీలని రాసింది. ముందురోజు ఇరవై నాలుగు. థర్మామీటరు చూడటం కూడా రాదా అని అందరి ముందూ కసిరి, చెరిపేసి, ఇరవై నాలుగే రాశాను. ఆ పిల్ల మళ్లీ ఓడెక్కలేదు. ఆ దగ్గరే కొలిచిన ఇంకో ఓడవాళ్ల లెక్కలు మరుసటి ఏడు బయటికి వచ్చాయి. ఆ రోజు అడుగునున్న చల్లనీళ్లు నిజంగానే పైకి వచ్చాయి. ఆ ఇరవై నాలుగుతో రాసిన నా వ్యాసం అప్పటికే అచ్చయింది, మెప్పు పొందింది. నోరు మూసుకున్నాను. నా బతుకులో ఇంతకంటే సిగ్గుపడే పని ఇంకోటి లేదు.

4. నా మైక్రోస్కోపు, పుస్తకాలు ఆ హైస్కూలుకు. షరతు ఒక్కటే. పిల్లలు చూసిన అంకెను పిల్లలే సిరాతో రాయాలి. పెద్దలకు తప్పనిపిస్తే తమ అంకెను పక్కన రాసి, థర్మామీటరును మళ్లీ నీళ్లలోకి దించాలి. ఆ పది నిమిషాల పనికి నేను బద్ధకించాను.

5. ఈ వీలునామా అమలు బాధ్యత వకీలైన మా చెల్లెలి కూతురిది. వ్యాసంలోని తప్పును ఆ విద్యార్థిని పేరుతో సరిదిద్దమని పత్రికకు నేను రాసిన ఉత్తరం ఆమె పంపాలి. నా క్షమాపణ కూడా ఆమే వెళ్లి చెప్పాలని ముందు రాశాను. చిత్తుప్రతి చదివి, "పెద్దమ్మా, నువ్వు పోయాక నేనెళ్లి చెబితే, ఆవిడ ఎవర్ని తిట్టుకోవాలి?" అంది.

కనుక ఆ ఒక్క పని నుంచి ఆమెను తప్పిస్తున్నాను. రేపు ఉదయం నేనే బస్టాండుకు వెళ్లి, టికెట్ల వరుసలో నిలబడతాను. నా వంతు వచ్చాక మొదటి మాట ఏమనాలో ఇంకా తెలియడం లేదు.

తేదీ: మార్చి పదకొండు, మంగళవారం

సంతకం: ఓడ టీచరమ్మ

సాక్షులు:
1. ఎదురింటి లెక్కల మాస్టారు
2. వీధి చివరి మందుల షాపు యజమాని