బ్రేకు పట్టుకునే చెయ్యి

సుజాతా,

నువ్వు కన్నుమూసి ఈరోజుకు ఏడాది. శ్రీకాళహస్తిలో మీ అమ్మ దగ్గరికి పోదామని పొద్దున బండి తీస్తే ముందు బ్రేకు పట్టలేదు. లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. మెకానిక్ "మొత్తం మార్చేద్దాం, అన్నా" అన్నాడు. వద్దని రబ్బర్ల కిట్టు కొనుక్కొచ్చి, హ్యాండిల్ మీద బ్రేకు ఆయిల్ ఉండే మాస్టర్ సిలిండర్ విప్పి, అరిగిపోయినవి తీసి కొత్తవి వేశాను. అంతవరకూ ఒక్కడినే చేసుకున్నాను.

తర్వాత బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లివరు నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు కింద చక్రం దగ్గర స్క్రూ వదులు చేసి, గాలిని బుడగలుగా బయటికి పోనివ్వాలి. ఎప్పుడూ పట్టుకునేది నువ్వే. "ఇంగా ఎంతసేపు? సెయ్యి నొస్తా ఉండాది" అని సణిగేదానివి గానీ వదిలేదానివి కాదు.

ఎదురింటి మునెమ్మక్కను పిలిచాను. "నాకేం తెల్దు నాయనా, నువ్వు సెప్పు, సేస్తా" అంటూ వచ్చి లివరు పట్టుకుంది. నేను కింద కూర్చుని స్క్రూ తిప్పుతూ, తల ఎత్తకుండానే, "వదలొద్దు సుజాతా" అనేశాను.

బుడగలు ఆగిపోయాయి, స్క్రూ బిగించాను. అయినా అక్క లివరు గట్టిగా పట్టుకునే నిలబడింది. చివరికి నేనే, "సాలక్కా, వదిలెయ్" అన్నాను.

బ్రేకు బాగా పడుతోంది. పోయొస్తాను.