అకారణముగా ఆగిన బండి

మోటారు బీమా క్లెయిముల అధికారి గారి సముఖమునకు,
మూడవ అంతస్తు, లిఫ్టు పక్క గది.

డ్రైవింగు స్కూలు యజమాని, అందులో ఏకైక శిక్షకుడు, ఒకే ఒక్క కారు గలవాడు వ్రాసుకొను అర్జీ.

విషయం: నా కారు ప్రమాదము – తమ తిరస్కరణ లేఖ – అందు రెండవ పేరాలోని "అకారణముగా" అను ఒక్క మాటను కొట్టివేయించుట గురించి.

అయ్యా,

తమ లేఖ అందినది. నేను చదివితిని. మా ఇంట్లో కూడా చదివారు, చిక్కంతా అక్కడే వచ్చినది. కావున ఈ క్రింది సంగతులు తమ దృష్టికి తెచ్చుచున్నాను. అంశములకు అంకెలు వేయకపోతే తమ కౌంటరులో తీసుకోరని తెలిసినందున అంకెలు వేసితిని.

1. నేను ముప్పై ఒక్క సంవత్సరములుగా ఈ ఊరివారికి కారు నడుపుట నేర్పుచున్నాను. అందులో పందొమ్మిది సంవత్సరములు ఈ కారులోనే. తమ కాగితాలలో ఇది "పాత చిన్న కారు, పసుపు రంగు, శిక్షణ నిమిత్తము" అని యున్నది. ఊళ్ళో దీని పేరు నత్తమ్మ. కొత్తవాళ్ళు నడిపితే ఏ బండైనా నత్తలాగే పోతుంది కనుక ఆ పేరు వచ్చినది. మొదటి హల్లు మింగేసి పిలిచి, నా ముందే కిసుక్కుమని నవ్వుకునే కోడళ్ళు కూడా కలరు. గేరు రాడ్డు మీది అంకెలు అరిగిపోయి చాలా కాలమైనది. ఎన్ని అరచేతుల చెమట దానికి పట్టిందో లెక్క లేదు. నా వైపు, అనగా పక్క సీటు వైపు, ఒక బ్రేకు అదనముగా కలదు. నేర్చుకునే మనిషి తడబడితే నేను తొక్కుట కొరకు. ఈ బ్రేకును తమరు గుర్తుంచుకోవలెను, అర్జీ అంతా దాని చుట్టూనే తిరుగును.

2. గత నెల పదకొండవ తేదీ ఉదయం తొమ్మిదింపావుకు నత్తమ్మను నడుపుచున్నది నా భార్య. ఊరందరికీ నేర్పినవాడు కట్టుకున్నదానికి ఇప్పుడు నేర్పడమేమిటని తమరు అడగవచ్చును. ఆవిడా అదే అడుగుతుంది. ఆవిడది ఒక ల్యాబులో ఉద్యోగము. ఇంటింటికీ వెళ్ళి రోగుల రక్తం తీసుకుని రావాలి. భుజాన ఐసు పెట్టె, పూటకు రెండు బస్సులు. కారు నడపడం వస్తే ఊరి చివరి కాలనీలు కూడా ఆవిడకే అప్పగిస్తామని ల్యాబువారు అన్నందున, యాభై రెండో ఏట నా దగ్గర విద్యార్థిని అయినది. పోస్టాఫీసు దాటిన తరువాత ఒక పెద్దమనిషి రోడ్డు దాటుతుండగా చెప్పు తెగి, నడిరోడ్డు మీద వంగి దాన్ని తీసుకోబోయాడు. బండి ఆగింది. వెనక వస్తున్న నీళ్ళ టాంకరు ఆగలేదు. నత్తమ్మ వెనక భాగం ముడుచుకుని వెనక సీటు దాకా వచ్చింది. దిగి చూస్తే రోడ్డు మీద ఆ మనిషి లేడు. ఒంటి మీద గీత పడకుండా, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, తన దారిన తాను పోయి ఉంటాడు. కారు చాటున వంగిన మనిషి టాంకరు డ్రైవరుకు కనబడలేదు. "ఖాళీ రోడ్డు మీద ఊరికే ఆపేశారు" అని అతను చెప్పినాడు. అతని కళ్ళకు అది నిజమే.

3. తమ ఆఫీసుకు ఇప్పటికి పదకొండు సార్లు వచ్చితిని. తిరిగి తిరిగి కాళ్ళరిగినవి. కారు ఫోటోలు నాలుగు వైపుల నుండీ కావలెనన్నారు, ఇచ్చితిని. వెనుక వైపు స్పష్టముగా కనబడుట లేదని తిప్పి పంపినారు. అయ్యా, వెనుక వైపు లేదు. అందుకే క్లెయిము పెట్టుకున్నాను.

4. తమ సర్వేయరు గారు మంచివారు. ఒకప్పుడు నా దగ్గరే నేర్చుకున్నారు. ఆయన క్లచ్చు సంగతి ఇక్కడ ప్రస్తావించబోను. ఆయన మొదట మెకానిక్కు షెడ్డులో నన్ను అడిగినారు: "మాస్టారూ, ఆ పెద్దాయన ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?" నేను నీలం అన్నాను. తరువాత మా ఇంటికి వచ్చి మా ఆవిడను అడిగినారు. ఆవిడ తెలుపు అన్నది. ఆయన కలం మూసి, నా వంక జాలిగా చూసి, "ఒక్క మనిషికి రెండు చొక్కాలు నేనెలా రాయను మాస్టారూ?" అన్నారు.

5. ఆ పిమ్మట వచ్చిన తమ లేఖలో ఇట్లు కలదు: "భార్యాభర్తల వాంగ్మూలములు పరస్పరము పొసగనందున, పాదచారి ఉనికి నిర్ధారణ కానందున, సదరు వాహనము నడుపు స్త్రీ అనుభవలేమి వలన నడిరోడ్డుపై అకారణముగా ఆగినదని భావించి క్లెయిము తిరస్కరించడమైనది." వాక్యము బాగున్నది. పొడుగ్గా ఉన్నా ఎక్కడా తడబడలేదు.

6. నత్తమ్మ మెకానిక్కు షెడ్డులో టార్పాలిను కింద యున్నది. "బండి బతుకుతుంది మాస్టారూ, కంపెనీ వాళ్ళు ఊ అంటే రేపే చెయ్యి వేస్తాను" అంటాడు మెకానిక్కు. తమవారు ఊ అనలేదు. వారానికి ఒకసారి వెళ్ళి టార్పాలిను ఎత్తి చూసి వస్తున్నాను. చూసి చేసేదేమీ లేదు. అయినా చూడకుండా ఉండలేను.

7. తమ లేఖ తెరిచింది మా ఆవిడ. నిలబడే చదివి, మడిచి, ఫ్రిజ్జు మీద పెట్టి, ఐసు పెట్టె భుజాన వేసుకుని పనికి పోయింది. ఆ రోజు నుండి స్టీరింగు మాట ఎత్తితే అక్కడ నుంచి లేచి పోతుంది. నేను వేరే కారు అద్దెకు తెచ్చి గుమ్మంలో పెడితే వెనక సీట్లో కూర్చుంది. పరీక్ష తేదీకి వెళ్ళలేదు. ఆవిడ నేర్చుకునే లైసెన్సు ఈ నెలాఖరుకు అయిపోతుంది. ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకునే మనిషి. మొన్న ఒక రోగికి రెండుసార్లు పొడవవలసి వచ్చిందని ఇంటికి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంది. ఊరి చివరి కాలనీలు వేరే ఎవరికైనా ఇచ్చుకోమని ల్యాబువారితో చెప్పేస్తానంటోంది. కారు పోతే ఇంకో కారు అని ఎలాగో సర్దుకుంటాను. దీనికి ఎలా సర్దుకోవాలో నాకు తెలియడం లేదు.

8. ఆవిడ బాధ తమ లేఖ ఒక్కటే కాదు. బండి ఆపింది నేనని ఆవిడ నమ్మకము. ప్రమాదం జరిగిన సాయంత్రమే అన్నది: "ఆయన వంగడం చూశానండీ. ఆ తరవాత నాకేం గుర్తు లేదు. మీరు మీ వైపు బ్రేకు తొక్కబట్టి సరిపోయింది. నేనొక్కదాన్నే అయితే ఆయన మీది నుంచి పోనిచ్చేసేదాన్ని." నేను కాదనలేదు. ఔననీ అనలేదు. చేదు మందు మింగినట్టు మింగేసి, అన్నం పెట్టమన్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు తమ సర్వేయరు గారు వచ్చారు. ఒకసారి చెప్పకపోతే మాట రోజు రోజుకూ బరువెక్కుతుందని నాకు ఈ వయసులో తెలిసింది.

9. ఇక దాచుకోలేనిది. తమ ఫారములో పద్నాలుగవ గడి: "ప్రమాద సమయమున శిక్షకుడు మెలకువగా నుండి, తన వైపు బ్రేకు వేయుటకు సిద్ధముగా నుండెనా? కానిచో క్లెయిము చెల్లదు." నేను "అవును" దగ్గర టిక్కు పెట్టితిని. అది అబద్ధము. నేను నిద్రపోతున్నాను.

కాస్త కునుకు పట్టడం కూడా కాదు. చెప్పులు విడిచేసి, కాళ్ళు రెండూ సీటు మీదకు ముడుచుకుని, ఇంట్లో వాలుకుర్చీలో పడుకున్నట్టు పడుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ సీట్లో నా కన్ను మూతపడలేదు. డాక్టర్లు నడిపారు, లెక్చరర్లు నడిపారు, తమ సర్వేయరు గారూ నడిపారు. ఒక్కరి పక్కన కూడా నా వీపు సీటుకు ఆనలేదు. ఆ రోజు మా ఆవిడ గేరు మార్చినట్టు కూడా తెలియకుండా నడుపుతోంది. పోస్టాఫీసు వరకు రోడ్డు చూశాను. ఆ తరువాత నేను చూడవలసిన అవసరం కనబడలేదు. ఎదటి మనిషి మీద ఇంత నమ్మకం నాకు ఇంతకు ముందు ఎప్పుడూ కలగలేదు, కలిగిన రోజున చేసిన పని గురక పెట్టడం.

బండి ఆగినట్టు కూడా నాకు తెలియదు. కుదుపు లేకుండా ఆపింది కాబట్టి తెలియలేదు. టాంకరు గుద్దిన తరువాతే నాకు తెల్లవారింది. అప్పటికి ఆ పెద్దమనిషి లేడు. ఆయన చొక్కా తెలుపో నీలమో నాకెలా తెలుస్తుంది? నిద్రపోయానని చెప్పుకోలేక, నోటికి వచ్చిన రంగు చెప్పాను. ఆవిడ చూసి చెప్పిన తెలుపును, నేను చూడకుండా చెప్పిన నీలము చెడగొట్టినది. తమ లేఖలోని "అకారణముగా" అన్న మాటకు కారణము నేను. అయ్యా, నాకు చాలా సిగ్గుగా ఉన్నది.

10. కావున తమను వేడుకొనునది ఏమనగా: నా వాంగ్మూలము రద్దు చేసి, నా భార్య వాంగ్మూలము ఒక్కటే నిలుపవలెను. పద్నాలుగవ గడి నిబంధన ప్రకారము క్లెయిము చెల్లదని నాకు తెలియును. ఆ విషయమై తమతో వాదమునకు దిగను. కానీ "అకారణముగా" అను మాట కొట్టివేసి, ఆ చోట "ఒక మనిషి ప్రాణము కాపాడుటకై" అని వ్రాసి, "బ్రేకు వేసినది నడుపుచున్న స్త్రీయే" అని ఒక వాక్యము చేర్చి, ఆఫీసు ముద్ర వేసి, ఆవిడ పేరిట పంపవలెను. నా పేరిట పంపవద్దు. ఇది నేను నోటితో చెబితే తనను ఓదార్చడానికి చెబుతున్నానంటుంది. నెలకు పైగా నోరు మూసుకున్నవాడి మాటకు విలువేముంటుంది? ముద్ర ఉంటే కాదనలేదు.

ఇంతవరకు విసుక్కోకుండా చదివియుంటిరేని, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పక్క సీటులోనివాడు

జతపరచినవి: తమ లేఖ నకలు, కారు ఫోటోలు, మూడు వైపులవి.

తా.క.: పై అర్జీని కవరులో పెట్టి జిగురు కోసం వెతుకుతుంటే, బల్ల మీద నుంచి ఆవిడ తీసి చదివింది. పది అంశాలూ చదివింది. నేను తలుపు దగ్గర తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నిద్రపోయారా?" అంది.

"పోయాను."

"నిద్రలో మంచం మీద కూడా బ్రేకులు తొక్కే మనిషి. ఆ రోజూ తొక్కే ఉంటారు. నా కోసం ఇదంతా అల్లి రాస్తున్నారు."

నా దగ్గర ముద్ర లేదు కదా. ప్యాంటు పైకి లాగి మోకాళ్ళు చూపించాను. ముడుచుకున్న కాళ్ళు డాష్‌బోర్డుకు కొట్టుకుని, రెండు చిప్పల మీదా చర్మం లేచిపోయిన మచ్చలున్నాయి. ఇన్నాళ్ళూ ఆవిడ కంట పడకుండా దాచుకున్నాను. కింద బ్రేకు మీద ఉన్న కాలికి అక్కడ, ఆ మాదిరిగా దెబ్బ తగలదు. ఆవిడ రోజూ జనం కాళ్ళూ చేతులూ చూసే మనిషి. నేల మీద కూర్చుని, మచ్చ చుట్టూ రెండు వేళ్ళతో నొక్కి చూసింది. ఒక మోకాలయ్యాక రెండోది చూసింది.

"అయితే ఆపింది నేనేనా?"

"నువ్వే."

"నేనొక్కదాన్నేనా?"

"నువ్వొక్కదానివే. నేను గురక పెడుతున్నాను."

అలాగే కూర్చుని ఏడ్చింది. తరవాత మొదలుపెట్టింది. "ఇన్నాళ్ళూ నేను నిద్ర లేకుండా చస్తుంటే, ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయింది? పక్క సీట్లో కూర్చున్నవాడు నిద్రపోకూడదని మీ స్కూల్లో గోడ మీద రాసుకున్నారు కదా, మీకు చదువు రాదా?" అరగంట దాటింది, ఇంకా ఆపలేదు. చాలా రోజుల తరువాత నాకు ప్రాణం కుదుటపడింది.

కావున పదవ అంశములో కోరిన ముద్ర ఇక అవసరము లేదు. మాట మాత్రం కొట్టివేయవలెను, అది ఆవిడ ఆజ్ఞ. ఈ అర్జీ పోస్టులో వద్దని కూడా అన్నది. సోమవారం ఉదయం పదిన్నరకు మా బావమరిది కారులో ఆవిడే నడుపుకుంటూ తెచ్చి తమ చేతికి ఇచ్చును. మా బావమరిదికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. పక్కన నేను కూర్చుంటాను. ఆ కారులో నా వైపు బ్రేకు లేదు.

పార్కింగు ఒక్కటి ఇంకా సరిగా రాలేదు. తమ గుమ్మం ముందు రెండు బళ్ళు పట్టే చోటు ఖాళీగా ఉంచమని గార్డుతో ఒక మాట చెప్పగలరు.