రాని మనిషి వేలిముద్ర

మంగళవారం, రాత్రి

ప్రభుత్వ సహాయము కోరు ప్రతి వ్యక్తియు తగిన పత్రములతో, తగిన వరుసలో, తగిన వినయముతో నిలబడవలెను. ఈ మూడింటిలో నా చెల్లెలు కళావతి దేనికీ లోటు చేయలేదని ఇందుమూలముగా నమోదు చేయుచున్నాను.

పెళ్లితో ఆగిపోయిన నర్సింగు చదువులో మళ్లీ చేరడానికి ఆమెకు సీటు వచ్చింది. ఫీజు ప్రభుత్వం కట్టాలంటే కుటుంబంలో అందరూ వేలిముద్ర వేయాలట. సచివాలయంలో ఉద్యోగి కళావతిని మర్యాదగానే అడిగాడు.

"మీ ఆయన్ని ఒకసారి తీసుకురా అక్కా."

"యాడ నుంచి తెచ్చేది అబ్బయా? పోయినేడు తుపానుకు ముందు సముద్రంలో వేటకు పోయినాడు. పడవ కూడా దొరకలా," అన్నాను పక్కనే ఉన్న నేను.

అతను కంప్యూటర్ వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అయితే చనిపోయినాడని రాసి సంతకం పెట్టక్కా. మీ కుటుంబం జాబితాలోంచి పేరు తీసేయించే పని నేను చూసుకుంటా."

కళావతి పెన్ను అందుకుంది. చాలాసేపు పట్టుకుని, తిరిగి ఇచ్చేసింది.

"ఇంకా రాలేదు, అంతే," అంది.

శుక్రవారంతో గడువు ముగుస్తుంది. దాటితే ఆమెకు మళ్లీ రొయ్యలు ఒలిచే షెడ్డే గతి. బస్సులో వస్తూ సంతకం పెట్టమని చెబుదామనుకున్నాను. వద్దని కూడా చెబుదామనుకున్నాను. చివరికి ఇద్దరికీ టిక్కెట్లు మాత్రం తీశాను...

కావున నాకు నేనే జారీ చేసుకుంటున్న ఉత్తర్వు: సముద్రం మీదికి వెళ్లిన మనిషి ఒడ్డుకు చేరేవరకు, అతని భార్య చదువు సైతం వేటకు వెళ్లినట్లే పరిగణించబడును. ఇదే అంతిమము. దీనిపై అప్పీలు లేదు.