నోరెత్తనివాళ్ల ఒప్పందం

ప్రియమైన మంచుదొరగారికి,

ఈసారి దేశాల సమావేశమూ అంతే. ధ్రువ సముద్రంలో పెంగ్విన్లుండే మేర చేపల వేట ఆపాలని ఏళ్ల తరబడి అదే తీర్మానం, చల్లారిన అదే టీ. దేశాలన్నీ సరేనంటాయి, చివరి కుర్చీలో తన దేశం తరఫున కూర్చునే పెద్దాయన వద్దంటాడు. మీరున్న దక్షిణ ధ్రువ ఖండానికి రాజూ లేడు, రాజ్యమూ లేదు కదా. అందుకే ఇక్కడ ఓట్లూ ఉండవు. ఒక్కరు కాదంటే ఆగినట్టే, ఎవరూ నోరెత్తకపోతే ఒప్పుకున్నట్టే. ఆయన ‘వద్దు’ని అనువాదం చేసీ చేసీ నా నోరు అరిగిపోయింది.

వంటింటి కుళాయి మళ్లీ కారుతోంది. నేను ముట్టుకోను, మీరొచ్చి చూసుకోండి. ఓడెక్కే ముందు ఒక్క ముక్క రాయండి.

ఎదురుచూసి విసిగిపోయిన
మీ ఆవిడ

*

ప్రియమైన వాగుడుకాయకి,

నిన్న పక్క దేశం స్థావరం వాళ్లు చెప్పాపెట్టకుండా తనిఖీకి దిగారు. దేశాలన్నీ కలిసి రాసుకున్న నీ ఒప్పందం పుణ్యమా అని ఎవరి స్థావరంలోకి ఎవరైనా రావచ్చు కదా. ఆయుధాలేమైనా దాచామా అని గదులన్నీ తిరిగి, చెత్త పీపాల మూతలు కూడా తీసి చూశారు. ఇక్కడి చెత్త ఇక్కడ పారేయకూడదు, ఓడెక్కాల్సిందే. ఆ అదృష్టం నాకు లేనట్టుంది. నా బదులు రావాల్సిన మెకానిక్ కాలు విరగ్గొట్టుకున్నాడు. జనరేటర్ ఆగితే ఇక్కడ పద్నాలుగు మంది గడ్డకట్టుకుపోతారు. ఇంకో చలికాలం ఉండమంటున్నారు.

నువ్వు వద్దంటే వచ్చేస్తాను, ఒట్టు. ఓడ శుక్రవారం బయల్దేరుతుంది.

నీ జనరేటర్ మనిషి

*

ప్రియమైన వాగుడుకాయకి,

శుక్రవారమంతా చూశాను. నా మొహం చూసి కెప్టెన్ ఇంకో పూట ఆగాడు కూడా. నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నోరెత్తకపోతే ఒప్పుకున్నట్టేనని నువ్వే రాశావుగా, అలాగే అనుకుని సంతకం పెట్టేశాను. చెత్త పీపాలు వెళ్లిపోయాయి.

తిట్టడానికైనా రాయి.

నీ
మంచుదొర

*

ప్రియమైన మీకు,

తిడదామనే కూర్చున్నాను. ఆ వారమంతా ‘వచ్చేయండి’ అని రాయడం, కొట్టేయడం. అంతమంది ప్రాణాల సంగతి తెలిశాక వద్దంటే నేను మనిషినేనా? ఇన్నేళ్లు పెద్దాయన్ని తిట్టుకుని, చివరికి నేనూ అదే మాట అనాలా? పోనీ సరే అందామంటే నోరు రాలేదు.

నిన్న మళ్లీ సమావేశమైతే ఆ తీర్మానం గట్టెక్కింది. ‘ఎవరికైనా అభ్యంతరమా?’ అని అధ్యక్షురాలు అడిగితే, పెద్దాయన కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. అంతే. సుత్తి పడింది, చప్పట్లు మోగాయి.

టీ దగ్గర ఉండబట్టలేక అడిగాను, “ఎలా ఒప్పుకున్నారండీ?” అని.

“మావాళ్లు ఈసారి నీ ఇష్టమన్నారు. ఒప్పుకోలేదమ్మా, అలిసిపోయాను” అన్నాడు.

కప్పు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. పెంగ్విన్లకి ఆ తేడా అక్కర్లేదు. మీకు తెలియాలి. నేనూ ఒప్పుకోలేదండీ.

వచ్చే ఓడ నాటికి ఎవరి కాలు విరిగినా సరే, నా ‘వద్దు’ ఇప్పుడే చెప్తున్నాను. రాసిపెట్టుకోండి.

కుళాయి బాగుచేయించలేదు. కింద గిన్నె పెట్టాను.

ఆలస్యంగా నోరెత్తిన
మీ వాగుడుకాయ